తల ఆమెది, పందెం వాళ్ళది

“ఆ రోజు విటమిన్ ఎప్పుడు వేసుకున్నావ్?”

భర్త ఈ మాట అడగడం మూడోసారి. మొదటిసారి చెప్పులు విప్పుతూ అడిగాడు. రెండోసారి మంచినీళ్ళు తాగుతూ అడిగాడు. ఇప్పుడు ఏ పనీ చెయ్యకుండా, గది మధ్యలో నిలబడి అడుగుతున్నాడు.

పైనమ్మ కిటికీ పక్కన కూర్చుని ఉంది. ఆ పేరు యార్డువాళ్ళు పెట్టింది. ఇనుప దూలాలు దించే ఆ యార్డులో అందరూ నేల మీద పనిచేస్తే, ఆమె ఒక్కతే క్రేన్ క్యాబిన్‌లో, అందరి తలల పైన కూర్చుని పనిచేస్తుంది. ఆ తలల్లో ఒకటి, కింద నిలబడి ఆమెకి సిగ్నల్ ఇచ్చే జెండా బాబాయిది, మొన్న వెంట్రుకవాసిలో మిగిలింది.

“జెండా బాబాయి చెయ్యి విరిగి ఇంట్లో పడి ఉన్నాడు,” అందామె. “సిగ్నల్ సరిగ్గా ఇవ్వలేదని రేపు ఆయన్ని పనిలోంచి పీకేస్తారు. ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఇంకో దారి. మీకు నా విటమిన్ కావాల్సొచ్చింది.”

“అడిగినదానికి చెప్పు.”

“పొద్దున వేసుకున్నా. పనికి బయల్దేరే ముందు.”

“రాత్రి కదా నేను వేసుకోమన్నది!”

“విటమిన్‌కి రాత్రేంటి, పగలేంటి?”

మందుల షాపు మనిషి ఆయన. ఏ మాత్ర తిన్నాక వేసుకోవాలో, ఏది పరగడుపున వేసుకోవాలో గుక్క తిప్పుకోకుండా వీధి వీధంతటికీ చెప్పే మనిషి. అలాంటివాడు కట్టుకున్నదాని చిన్న ప్రశ్నకి నేలచూపులు చూస్తున్నాడు.

ముందుగదికి అడ్డంగా కట్టిన తెర కదిలింది. వదిన చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది. భర్తకి అక్క ఆమె. ఆ ముందుగదిలో సన్నటి మంచం వేసుకుని జనానికి సూదులు పెడుతుంది. బోర్డు మీద ఆక్యుపంక్చర్ అని పెద్దక్షరాలతో రాయించుకున్నా, వీధి మాత్రం సూదులక్క అనే అంటుంది.

“దాని మీద గొంతు చేసుకుంటావేంట్రా? పొద్దున వేసుకోమన్నది నేను. సూదులు పెట్టించుకున్న రాత్రి కడుపులోకి ఏ మాత్రా పోకూడదు. అది నా పద్ధతి. విటమినే కదా, పొద్దున మింగితే కొంపేం మునగదులే అన్నాను.”

“ఎప్పట్నుంచి?”

“దాని షిఫ్టు మారి, సాయంత్రాలు నా మంచం ఎక్కుతున్నప్పట్నుంచి. ఏం, నీ సీసాకి ముహూర్తం చెడిందా?”

ఆమె నవ్వింది. ఆయన నవ్వలేదు. మంచం అంచు మీద కూలబడి, రెండు చేతులతో మొహం రుద్దుకున్నాడు.

“అది విటమిన్ కాదక్కా.”

మెల్లిగానే అన్నాడు. కొక్కెం ఊడిన దూలంలా ఆ మాట నిటారుగా వచ్చి గదిలో పడింది.

కింద వీధిలో ఎవరో బండికి హారన్ కొట్టి కొట్టి విసిగిపోయి మానేశారు.

“మరి?” అంది పైనమ్మ.

“డాక్టర్ చెప్పిన మాత్రే. తలనొప్పి రాకుండా రోజూ రాత్రి వేసుకునేది. చిన్న మోతాదే. విటమిన్ సీసాలో పోశాను.”

పైనమ్మకి ఆ డాక్టర్ గది కళ్ళకు కట్టింది. పొద్దస్తమానం మెడ వంచి కిందికి చూసే పని. మెడలో మొదలై, కణతల మీదుగా తల చుట్టూ ఇనుప పట్టీ వేసి మర బిగించినట్టుండేది నొప్పి. రోజూ నొప్పి బిళ్ళలు మింగుతుంటే, ఆ బిళ్ళలే కొత్త నొప్పి తెస్తాయని డాక్టరమ్మ కసిరింది. రాకుండా ఆపుకోవాలంటే రెండు దారులంది. ఒకటి రోజూ రాత్రి ఒక మాత్ర. నిద్రమత్తు ఉంటుంది, నోరెండిపోతుంది. రెండోది కొన్నాళ్ళపాటు సూదులు. రెండిటివల్లా బాగుపడ్డవాళ్ళున్నారు, పడనివాళ్ళూ ఉన్నారు, ఎవరికి ఏది పడుతుందో వాడి చూస్తేగానీ తెలీదు, నీ పని నీకు తెలుసు గనక నువ్వే తేల్చుకో, అంది.

పైనమ్మ ఆ కుర్చీలోనే తేల్చుకుంది. “మత్తొచ్చేది నాకొద్దు. నా కింద మనుషులుంటారు.”

ఇంటికొచ్చే దారంతా భర్త నవ్వుతూనే ఉన్నాడు. సూదులు గుచ్చితే తలనొప్పి పోయేట్టయితే ముళ్ళపందికి ఏ రోగమూ రాకూడదే, అని. వదిన ఊరుకుంటుందా? నీ మాత్రలు మింగీ మింగీ జనం పొట్టలు గిలక్కాయలైపోయాయిరా, అంది. అక్కాతమ్ముళ్ళ ఎత్తిపొడుపులు చూసి పైనమ్మ కూడా నవ్వింది. తన తల మీదే పందెం కాశారని అప్పుడు తట్టలేదు.

“నేను వద్దన్నాను,” అందిప్పుడు.

“అన్నావు. కానీ నీ అవస్థ చూడలేకపోయాను. గోడకేసి తల బాదుకున్నావు గుర్తుందా? సూదులు మొదలుపెట్టి వారాలు గడుస్తున్నా నీకు తగ్గలేదు. కళ్ళముందు మందు పెట్టుకుని చూస్తూ కూర్చోమంటావా?”

“అడగచ్చుగా.”

“అడిగితే వద్దనేదానివి.”

“అందుకని అడగలేదా?”

“నీ మంచికే కదా...”

ఆడదాని నోట్లో మందు పోసేవాళ్ళంతా చెప్పేది ఈ మాటే. మంచికే. ఆ మంచి ఎవరికి కావాలో వాళ్ళని అడిగే తీరికే ఎవరికీ ఉండదు.

వదిన అప్పటిదాకా గోడకి ఆనుకుని నిలబడింది. ఇప్పుడు ఒక అడుగు ముందుకేసింది.

“అంటే... తగ్గింది నా సూదులవల్ల కాదా?”

పైనమ్మ తలెత్తి చూసింది.

“కాదని నేననలేదక్కా,” అన్నాడు తమ్ముడు. “మాత్ర మొదలుపెట్టాకే తగ్గింది కదా.”

“పట్టు దొరకడానికి సూదులకి ఆమాత్రం టైం పడుతుందిరా! సరిగ్గా అప్పటికే నా సూదులు పట్టాయి. నువ్వు దొంగచాటుగా మధ్యలో దూరి...”

“మరి నోరెండిపోతోందని తనంటే లోపలి వేడి బయటికి పోతోందన్నావే? అది నా మాత్ర!”

“నీ మాత్రే అనుకో, నిద్రపట్టడం ఎవరివల్ల?”

“అదీ మాత్రే!”

“వీధిలో సగంమంది దాన్ని చూసే నా దగ్గరికొస్తున్నారు. మీ మరదలికి తగ్గిందటగా, మాకూ పెట్టు అంటున్నారు. వాళ్ళకి రేపు ఏ మొహం చూపించను?”

“నా షాపు సంగతేంటి? చీటీ లేకుండా ఆ మాత్ర ఇచ్చానని తెలిస్తే...”

“ఆపండి!”

పైనమ్మ లేచి నిలబడింది. క్యాబిన్‌లోంచి కిందికి కేకేసే గొంతు అది, నాలుగ్గోడల మధ్య ఇమడలేదు.

“ఒక మనిషి నుజ్జయ్యేవాడు. మీరు గెలుపెవరిదని తగువాడుకుంటున్నారు. నా తల మీద.”



“బాబాయి చెయ్యి ఏనాడూ తప్పలేదు, పిడికిలి ఎత్తే ఉంటాడు. ఆగమని. నేను చూళ్ళేదు. రెప్ప ఒక్కసారి వాలింది. లేచేసరికి దూలం ఆయన మీదికి పోతోంది. కిందికి దిగగానే ఆఫీసువాళ్ళడిగారు, నాకేం కనపళ్ళేదన్నాను. వాళ్ళేమో ఆయన చూపించనేలేదని రాసుకున్నారు. పాపం ఎక్కడుందో తెలీక నన్ను నేనే తిట్టుకుంటూ కూర్చున్నా. ఒళ్ళు కొవ్వెక్కి కునుకు తీశానేమో అని. పాపం విటమిన్ సీసాలో ఉంది.”

భర్త లేచి దగ్గరికొచ్చాడు. భుజం మీద చెయ్యి వెయ్యబోయాడు.

“ముట్టుకోకు నువ్వు.”

పెళ్ళయిన నాటినుంచి ఆమె ఆయన్ని మీరనే అంది. ఎంత కోపమొచ్చినా మీరు దాటలేదు. ఆ ‘నువ్వు’ విని ఆయన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. వదిన ఉలిక్కిపడి ఆమె మొహంలోకి చూసింది.

“రేపు విచారణలో ఏం చెప్తావు?” అన్నాడు, చెయ్యి దించుకుని.

“జరిగింది.”

“ఒక్కసారి ఆలోచించు. మత్తొచ్చే మందులేవీ వాడటం లేదని నువ్వు వాళ్ళకి చెప్పి ఉన్నావు. ఇక క్యాబిన్ ఎక్కనివ్వరు. నా షాపు మూసేస్తారు. అక్క దగ్గరికి ఒక్కరూ రారు. ముగ్గురం ఒకేసారి రోడ్డున పడతాం. ఆయనకా, వయసైపోయింది. ఇవాళ కాకపోతే ఎల్లుండి ఎలాగూ...”

“వయసైపోతే? నీ మాత్రకి బలివ్వాలా?”

“అలా అనలేదు.”

“అదే అన్నావు. సిగ్గేసి మాట నములుతున్నావు, అంతే.”

ఆ సాయంత్రం ఆ ఇంట్లో ఎవరూ ఎవరినీ భోజనానికి పిలవలేదు. వదిన ముందుగదిలో తెర వేసుకుని కూర్చుంది. సూదులు పెట్టించుకోవడానికి ఎవరో తలుపు తడితే, ఇవాళ కాదని లోపల్నుంచే చెప్పి పంపేసింది.

*

తెల్లవారి పైనమ్మ జడ వేసుకుంటుంటే భర్త టీ గ్లాసు పట్టుకుని వచ్చాడు. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

“నేనూ వస్తాను,” అన్నాడు. “నేను చేసింది నేనే చెప్తాను. నిన్ను ఒంటరిగా నిలబెట్టను.”

ఆమె అద్దంలోంచి ఆయన్ని చూసింది. నిజంగానే అంటున్నాడనిపించింది. టీ తీసుకుంది.

“అక్కా వస్తానంటోంది,” అన్నాడు.

“ఎందుకు?”

“ఏమో. చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడింది.”

*

యార్డు ఆఫీసు బయట బల్ల మీద జెండా బాబాయి కూర్చుని ఉన్నాడు. విరిగిన చేతికి కట్టు, దాన్ని మెడకి వేలాడదీసిన గుడ్డ. సిగ్నల్ ఇచ్చే ఎర్రజెండా ఎప్పుడూ ఆయన చంకలో ఉండేది. ఇవాళ లేదు. లోపల పెట్టుకున్నారట.

ఆమెను చూడగానే లేవబోయాడు.

“కూర్చో బాబాయ్. నొప్పెలా ఉంది?”

“చేతి సంగతొదిలెయ్ గానీ అమ్మాయ్, నిన్నొక మాట అడగాలి.” ఆయన గొంతు తగ్గించాడు. “నేను ఆ రోజు పిడికిలెత్తానా, అరచెయ్యి ఎత్తానా?”

పిడికిలంటే ఆగు. అరచెయ్యి ఊపితే దించు. ఈ యార్డులో అడుగుపెట్టిన ప్రతివాడికీ ఆ రెండూ నేర్పింది ఈ మనిషే.

“ఎందుకలా అడుగుతున్నావ్?”

“ఒకరి తర్వాత ఒకరొచ్చి అడుగుతున్నారమ్మా. బాగా గుర్తు చేసుకో, బాగా గుర్తు చేసుకో అని. గుర్తు చేసుకునే కొద్దీ పిడికిలి కాస్తా అరచెయ్యిలా కనపడుతోంది. నేనే తప్పు చూపించానేమో. అదే ఒప్పేసుకుంటే పోలా? నువ్వు పైనుంచి చూశావుగా, నువ్వు చెప్తే నమ్ముతాను.”

ఉద్యోగం పీకడం ఒక ఎత్తు. మనిషికి తన చేతి మీదే అనుమానం పుట్టించడం ఇంకో ఎత్తు. రెండోదానికి ఏ చట్టంలోనూ శిక్ష లేదు.

పైనమ్మ కళ్ళు మండాయి. “పిడికిలే బాబాయ్,” అంది. “నువ్వు పిడికిలే ఎత్తావు. లోపల అదే చెప్తా. నువ్వు మాత్రం ఏదీ ఒప్పుకోకు.”

“చూశావు కదా?”

ఆమె జవాబు చెప్పేలోపు తలుపు తెరుచుకుంది.

లోపల సేఫ్టీ ఆఫీసరు, పక్కన యార్డు మేనేజరు. మేనేజరు మాటిమాటికీ గడియారం చూస్తున్నాడు. ఆయన మనసులో విచారణ నిన్ననే అయిపోయింది. మెత్తటి కుర్చీ చూపించారు. పైనమ్మ కూర్చోలేదు.

“సిగ్నల్ కనపళ్ళేదన్నారు కదమ్మా,” అన్నాడు ఆఫీసరు. “ఆ ఒక్క మాటా ఇంకోసారి చెప్తే చాలు.”

“సిగ్నల్ సరిగ్గానే ఇచ్చాడు. నేనే చూళ్ళేదు. నా ఒంట్లో మందుంది.”

మేనేజరు గడియారం చూడటం మానేశాడు.

“ఏం మందు? తలనొప్పికి సూదులే పెట్టించుకుంటున్నానన్నారు కదా? మందులు లేవన్నారు.”

“సూదులే అనుకున్నాను. రాత్రి వేసుకోవాల్సిన మాత్ర. మత్తొచ్చేది. పొద్దున వేసుకుని పైకెక్కాను.”

ఆఫీసరు కలం కింద పెట్టాడు. చెడ్డవాడేం కాదు. ముందుకు వంగి, నెమ్మదిగా అడిగాడు.

“తెలిసి వేసుకున్నారా, తెలియకా?”

బల్ల మీద దుమ్ము. గోడ మీద ఒక హెల్మెట్ బొమ్మ. తెలిసి అంటే ఇక ఈ జన్మలో క్యాబిన్ మెట్టు ఎక్కనివ్వరు. తెలియక అంటే తర్వాతి ప్రశ్న ఏమిటో తెలుసు.

“తెలియక.”

“అయితే ఇచ్చిందెవరు?”

“బయట ఉన్నాడు. తనే చెప్తాడు.”

భర్తని పిలిచారు. వెనకే వదిన వచ్చింది. ఆమెను ఎవరూ పిలవలేదు, ఆపనూ లేదు. జెండా బాబాయి కూడా గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

“మీరు మందుల షాపు నడుపుతారు కదా,” అన్నాడు ఆఫీసరు. “ముందే చెప్తున్నాను. డాక్టర్ చీటీ లేకుండా, మనిషికి తెలియకుండా ఇలాంటి మాత్ర ఇస్తే అది మా గేటు లోపల తేలే వ్యవహారం కాదు. పోలీసుల దాకా పోతుంది. ఆలోచించుకుని చెప్పండి. ఆ మందు ఈమెకి తెలిసే ఇచ్చారా?”

భర్త పైనమ్మ వైపు చూశాడు. పొద్దున టీ గ్లాసుతో నిలబడ్డ మనిషి ఆ కళ్ళలో ఉన్నాడేమోనని ఆమె వెతికింది.

“తెలుసండీ,” అన్నాడు.

“ఏంటి?”

“తనకి తెలుసు. నొప్పి పడలేక తనే అడిగింది. రాత్రి వేసుకోమని చెప్పాను. తను పొద్దున వేసుకుంది.” చూపు తిప్పుకున్నాడు. “భయపడి ఇలా అంటోంది. పోనీయండి. పెద్దాయన తప్పేం లేదని తేలింది కదా, అది చాలు.”

ఆఫీసరు మళ్ళీ కలం చేతిలోకి తీసుకున్నాడు.

పైనమ్మ అరవలేదు. అరిచే గొంతు ఆమె దగ్గర ఉంది. వాడుకోలేదు. ఆయన్నే చూస్తూ నిలబడింది, పైనుంచి కిందికి, యార్డులో చూసినట్టు.

“అబద్ధం,” అంది చివరికి.

“భార్యాభర్తలు చెరో మాట చెప్తే నేనేం రాసుకోను?” ఆఫీసరు విసుక్కున్నాడు. “ఎవర్ని నమ్మాలి?”

“నాకు తెలుసు,” అంది గుమ్మం పక్కనున్న వదిన.

అందరూ అటు తిరిగారు.

“మీరెవరు?”

“ఈమెకి సూదులు పెట్టింది నేనే. వాడు నా తమ్ముడు.”

“అక్కా,” అన్నాడు భర్త. ఒక్క మాటే. ఆ ఒక్క మాటలో చిన్నప్పట్నుంచీ ఆమె ఎత్తుకుని తిప్పిన పిల్లాడంతా ఉన్నాడు.

వదిన తమ్ముడి వైపు చూడలేదు. మరదలి వైపూ చూడలేదు. ఎవరూ కూర్చోని ఆ మెత్తటి కుర్చీని తన వైపు లాక్కుంది.

“నన్ను కూర్చోనివ్వండి బాబూ,” అంది. “నేను చెప్పేదానికి కాస్త టైం పడుతుంది.”